మీకు తెలుసా? ఇంటిని వెంటబెట్టుకుని ఉత్తరాదికి

మంచాలు, పొయ్యి, నీళ్ల ట్యాంకు, చిన్న ఫ్రిజ్ అన్నీ ఒకే బండిలో సర్దుకుని నెల రోజులు ఉత్తరాదిని చుట్టి రావాలన్న కోరిక ఈ మధ్య నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల్లోనూ వినపడుతోంది. కారవాన్ అద్దెకు తీసుకునేవాళ్లు కొందరు, టెంపో ట్రావెలర్‌నే ఇల్లుగా మార్చుకోవాలని చూసేవాళ్లు కొందరు. గమ్యం మాత్రం ఎక్కువమందిది ఒకటే, లద్దాఖ్. ఏమేం కొనాలో చెప్పే జాబితాలకు కొదవ లేదు. ఆ జాబితాల్లోకి ఎక్కని సంగతులు కొన్ని ఈ వారం చెప్పుకుందాం. వాటిలో సగం మన గడ్డ మీదివే.

దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఒక కదిలే ఇల్లు పాలమూరు (మహబూబ్‌నగర్) మీదుగా ఉత్తరాదికి పోయిందని తెలుసా?

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న కాశీకి బయల్దేరారు. మళ్లీ ఇంటి ముఖం చూసింది 1831 సెప్టెంబరు 3న. తల్లి, భార్య, పరిచారకులు, పల్లకీలు మోసే బోయీలు అందరూ కలిసి వంద మంది దాకా ఉన్న పరివారం అది. పడుకోవడానికి గుడారాలు, వండుకోవడానికి పాత్రలు, పూజకు దేవతార్చన, అన్నీ వెంటే. అహోబిలం, శ్రీశైలం చూసుకుని కృష్ణ దాటి ఈ నేల మీద అడుగుపెట్టారు. పానగల్లు, జడచర్ల మీదుగా హైదరాబాదు చేరారు. అక్కణ్ణుంచి నిర్మల్, నాగపూర్, జబల్పూర్, ప్రయాగ, ఆ తర్వాత కాశీ.

ఈ దారిని ఒకసారి పటం మీద గీసి చూడండి. మొన్నమొన్నటి దాకా మనం ఏడో నంబరు జాతీయ రహదారి అని పిలుచుకున్న రోడ్డు కన్యాకుమారి నుంచి వారణాసి దాకా, 2,300 కిలోమీటర్లకు పైగా పోయేది. కర్నూలు, జడచర్ల, హైదరాబాదు, నిర్మల్, నాగపూర్, జబల్పూర్, మీర్జాపూర్. వీరాస్వామయ్య బోయీలు నడిచిన బాటకు అది చాలావరకు పక్కపక్కనే సాగింది. 2010లో రోడ్ల నంబర్లన్నీ మార్చినప్పుడు మన ముక్క 44వ నంబరులో కలిసింది. దేశంలోకెల్లా పొడవైన జాతీయ రహదారి ఇదే, శ్రీనగర్‌లో మొదలై కన్యాకుమారిలో ఆగుతుంది. అంటే పెబ్బేరులోనో కొత్తకోటలోనో బండిని రోడ్డెక్కించి ఉత్తరానికి తిప్పితే, ఆ నంబరు వదలకుండానే కాశ్మీరు లోయ చేరవచ్చు. మధ్యప్రదేశ్‌లోని లఖనాదౌన్ దగ్గర దారి చీలుతుంది. కాశీకి పోయేవాళ్లు జబల్పూర్ వైపు మళ్లుతారు, ఢిల్లీ పోయేవాళ్లు 44 మీదే సాగుతారు.

వీరాస్వామయ్య దగ్గర మనం నేర్చుకోవలసింది దారి ఒక్కటే కాదు. ప్రతి మజిలీలోనూ ఆయన చూసిందేమిటో గమనించాలి. ఈ ఊరు వెనకటి ఊరికి ఎంత దూరం? దారి ఇసకా, రాయా, బురదా? అంగళ్లు ఉన్నాయా? మంచినీళ్లు ఉన్నాయా? దిగడానికి చోటుందా? సుంకం ఎవరు వసూలు చేస్తారు? ఇవన్నీ మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లెకు ఎప్పటికప్పుడు రాసి పంపారు. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశాక, 1838లో శ్రీనివాసపిళ్లె దాన్ని 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వేంకటశివరావు మళ్లీ పరిష్కరించి వెలువరించారు. తెలుగులో అచ్చయిన తొలి యాత్రాగ్రంథంగా దాన్ని అందరూ గౌరవిస్తారు. నా మటుకు నాకు అది ఇప్పటికీ పనికొచ్చే ప్రయాణ పుస్తకం. ఆయన వేసుకున్న ఆ అరడజను ప్రశ్నలు మీ నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద రాసుకోండి. నక్ష చూపించే ఫోను వాటిలో రెండింటికే జవాబు చెబుతుంది.

సుంకం ఇప్పుడూ ఉంది. ఆనాడు అడుగడుగునా జమీందార్ల చౌకీలు, శ్రీశైలంలో యాత్రికుల మీద కర్నూలు నవాబు పన్ను. ఇప్పుడు పాలమూరు దాటేలోపు పుల్లూరు, శాఖాపూర్, రాయికల్ టోల్‌గేట్లు. నల్లగొండ వైపు 65వ నంబరు రోడ్డెక్కితే కొర్లపహాడ్, పంతంగి. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ లేకపోతే మామూలు కంటే ఎక్కువ సమర్పించుకోవాలి. కాశ్మీరు దాకా ఇంకా ఎన్ని గేట్లో! ఖాతాలో డబ్బు చూసుకోవడమే కాదు, ట్యాగు మీ బండి తరగతికే తీసుకున్నారో లేదో కూడా చూసుకోండి. కారుకు తీసుకున్న ట్యాగు పెద్ద వ్యానుకు అతికించుకుని బయల్దేరితే గేటు దగ్గర చిక్కే.

ఇల్లూ వాకిలీ ఎద్దుల మీదే మోసుకుని దేశమంతా తిరిగినవాళ్లు మన ఇరుగుపొరుగే

దేవరకొండ, చందంపేట, అచ్చంపేట ప్రాంతాల్లో నేడు సేద్యం చేసుకుని బతుకుతున్న లంబాడాల పూర్వీకులు వందల ఏళ్ల పాటు ఈ దేశపు రవాణా వ్యవస్థ. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే వాళ్ల బిడారులను కళ్లారా చూసి రాశాడు. ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు. ఒకరు బియ్యం, ఒకరు గోధుమ, ఒకరు పప్పులు, ఒకరు ఉప్పు, ఎవరి సరుకు వాళ్లదే. ఇళ్లనేవి లేవు, ఆడవాళ్లు, పిల్లలు, గుడారాలు అన్నీ వెంటే. మొగలు సేనలు దక్కనుకు దిగినప్పుడు వాటికి తిండిగింజలు మోసింది వీళ్లే.

వాళ్ల దగ్గర ఒక రాగి శాసనం ఉండేదని చెప్పుకుంటారు. షాజహాను కాలంలో సేనల వెంట వచ్చిన భంగీ, జంగీ అనే నాయకులకు వజీరు ఆసఫ్ ఖాన్ ఇచ్చాడంటారు. కుండల్లోని నీళ్లు తాగవచ్చు, ఇంటి కప్పుల మీది గడ్డి ఎద్దులకు మేపవచ్చు అని అందులో రాసి ఉందట. శాసనం నిజమో కాదో చరిత్రకారులు తేలుస్తారు. అందులో అడిగినవేమిటో మాత్రం చూడండి. మనిషికి నీళ్లు, బండి లాగే ప్రాణికి మేత, ఆ రెండూ తీసుకోవడానికి అనుమతి. ఈనాడు కారవాన్ వేసుకుని లద్దాఖ్ పోయేవాడి అవసరాలు కూడా కచ్చితంగా అవే.

ఇంకో ప్రయాణం కూడా తలచుకోవాలి. పాలమూరు లేబర్. గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానా తీసుకుని, తట్టా, పారా, జొన్నల మూట, చంకలో పిల్లలతో దేశంలో ఏ మూల ఆనకట్ట కడుతుంటే ఆ మూలకు పోయి, పని దగ్గరే గుడిసెలు వేసుకుని బతికారు. మనం సరదాకు చేయబోయే పనిని వాళ్లు కరువు తరిమితే చేశారు. పాలమూరు నుంచి ఉత్తరాదికి పోయిన దారుల గురించి రాస్తూ వాళ్లను వదిలేయడం అన్యాయం.

నీళ్లు కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు, పైపెచ్చు చిక్కబడుతుంది

ఇది ఈ వారం చెప్పేవాటన్నిటిలోకీ ముఖ్యమైనది, అందుకే కాస్త నింపాదిగా చెబుతాను. బండికి నూరు లీటర్ల ట్యాంకు పెట్టిస్తారు. బయల్దేరే ముందు రోజు ఇంటి బోరు దగ్గర పైపు పెట్టి నింపేస్తారు. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు ఇల్లయితే అక్కడ ఒక్క నిమిషం ఆగాలి. నల్లగొండ జిల్లా భూగర్భజలంలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి 1940లలోనే బయటపడింది. వంగిన కాళ్లు, బిగుసుకున్న వెన్ను, గార పట్టిన పళ్లు ఎన్ని తరాలను ఎలా కుంగదీశాయో ఇక్కడివాళ్లకు వేరే చెప్పనక్కరలేదు. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము దాకా ఫ్లోరైడ్ ఉంటే మంచిది, వేరే దారి లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా సరే అన్నది మన దేశపు ప్రమాణం. మునుగోడు వైపు ఎన్నో బోర్లలో అంతకు ఎన్నో రెట్లు.

సూక్ష్మజీవులు కాచితే చస్తాయి. ఫ్లోరైడ్ జీవి కాదు, లవణం. నీళ్లు మరిగి ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని పాలు పెరుగుతుంది. మామూలు క్యాండిల్ ఫిల్టరూ దాన్ని పట్టుకోలేదు.

మరి దేనితో పోతుంది? ఇక్కడే మన ఊరి పేరు ప్రపంచానికి ఎక్కింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, నీరి, 1970లలో ఒక పద్ధతి రూపొందించి దానికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. బకెట్టు నీళ్లలో కొలత ప్రకారం సున్నం, బ్లీచింగ్ పొడి వేస్తారు, ఆపైన పటిక కరిగించి పోస్తారు. మొదట జోరుగా, తర్వాత నెమ్మదిగా కలుపుతారు. కాసేపటికి దూదిపింజల్లాంటి తెల్లటి తెరకలు లేచి, ఫ్లోరైడ్‌ను పట్టుకుని అడుక్కి దిగిపోతాయి. పైన తేరిన నీటిని వేరే పాత్రలోకి వంచుకుంటారు, అడుగున మడ్డిని పిల్లలకూ పశువులకూ అందని చోట పారబోస్తారు. కరెంటు అక్కర్లేదు, ఖరీదైన సామగ్రి అక్కర్లేదు. ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియాలు కూడా ఈ పద్ధతిని మన జిల్లా పేరుతోనే వాడుకున్నాయి. నీటిలో ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత అన్న దాన్ని బట్టి పటిక మోతాదు మారుతుంది కనుక పరీక్ష చేయించకుండా రోడ్డు మీద ప్రయత్నించే పని కాదిది. ప్రయాణంలో ఆర్‌వో నీళ్లే దారి. మిషన్ భగీరథ కృష్ణా నీళ్లు వచ్చే ఇల్లయితే ఆ కుళాయి దగ్గర నింపుకోండి.

ఇప్పుడు రెండో సగం. హిమాలయాలెక్కాక సమస్య తలకిందులవుతుంది. అక్కడి మంచు కరిగిన వాగుల్లో మీరు జాగ్రత్తపడవలసింది క్రిముల గురించి. ఆ నీళ్లు కాచి తాగితే సరిపోతుంది. రెండు వేల మీటర్లు దాటాక మాత్రం తెర్లడం మొదలయ్యాక మూడు నిమిషాలు అలాగే ఉంచాలి. నల్లగొండలో ఏది పనిచేయదో అక్కడ అదే పనిచేస్తుంది.

లెక్క కూడా చెప్పుకుందాం. తాగడానికీ వంటకూ కలిపి మనిషికి రోజుకు ఆరేడు లీటర్లు వేసుకోండి. నలుగురికి నాలుగు రోజులంటే నూరు లీటర్లు అయిపోయినట్టే. అంటే నూరు కిలోల బరువు. ఆ బరువు బండికి ఒక పక్కనే ఉంటే ఘాట్ మలుపుల్లో తెలుస్తుంది.

లేహ్‌లో అన్నం ఎందుకు ఉడకదు?

మహబూబ్‌నగర్ సముద్రమట్టానికి సుమారు 500 మీటర్ల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్లు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి, తేడా మనకు తెలియదు. లద్దాఖ్‌లోని లేహ్ ఎత్తు 3,500 మీటర్లు. గాలి ఒత్తిడి తగ్గి అక్కడ నీళ్లు 88 డిగ్రీలకే తెర్లుతాయి. ఎంత మంట పెట్టినా గిన్నెలో నీళ్లు అంతకు మించి వేడెక్కవు. అందుకే బియ్యం పలుకుపలుకుగా ఉండిపోతుంది, కందిపప్పు అసలు మెత్తబడదు, గ్యాసు మాత్రం ఖర్చయిపోతుంది. ప్రెషర్ కుక్కర్ తప్పనిసరి. మూత బిగించాక లోపలి ఒత్తిడితో వేడి 110 డిగ్రీలు దాటుతుంది. గాస్కెట్ ఒకటి, సేఫ్టీ వాల్వు ఒకటి అదనంగా పెట్టుకోండి. మనాలీ-లేహ్ దారిలో ఎక్కడో సర్చూ దగ్గర గాస్కెట్ తెగితే కొనడానికి కొట్టు ఉండదు.

అసలు పొయ్యే వెలిగించనక్కరలేని సద్ది మన దగ్గర ఉండనే ఉంది. సత్తుపిండి, మలీద, సకినాలు, ఎండు జొన్నరొట్టె, పల్లీల పొడి. బతుకమ్మ పండక్కి చేసుకునే సత్తుపిండి డబ్బా నిండా ఉంటే దారి మూసుకుపోయి రాత్రంతా కొండ మీద ఇరుక్కున్నా పిల్లలు పస్తుండరు.

ఎత్తు ఒంటికీ పరీక్షే. లేహ్‌లో ఊపిరికి అందే ప్రాణవాయువు ఇక్కడికంటే దాదాపు మూడో వంతు తక్కువ. చేరిన రెండు రోజులు కదలకుండా విశ్రాంతి తీసుకోవాలి. తలనొప్పి, వాంతులు తగ్గకపోయినా, నడకలో తూలినా ఆ రోజే కిందికి దిగిపోవాలి. బీపీ, గుండె, ఆస్తమా మందులు వాడేవాళ్లు బయల్దేరే ముందే డాక్టరును అడగాలి. మందుల చీటీ ఫొటో ఫోనులో ఉంచుకుంటే సరిపోదు, కాగితం మీద కూడా ఉండాలి.

చక్రాల మీది ఇంటికి రెండో ద్వారం ఉందా?

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున కొత్తకోట దగ్గర పాలెం వద్ద బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు కల్వర్టును ఢీకొంది. డీజిల్ ట్యాంకు పగిలి మంటలు లేచాయి. నిద్రలో ఉన్నవాళ్లు లేచేసరికే దారి లేదు. 45 మంది కాలిపోయారు. ఈ దారిన పోయే ప్రతి బండీ ఆ చోటు దాటుతుంది. పడుకునే ఏర్పాటున్న బండి కొనేవాళ్లూ, అద్దెకు తీసుకునేవాళ్లూ, మార్పులు చేయించేవాళ్లూ ముందు అడగవలసింది పరుపుల మందం గురించి కాదు. ఇటు తలుపు మూసుకుపోతే ఎటునుంచి బయటపడాలి? అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుంది? చీకట్లో చిన్నపిల్ల చేతికి అందుతుందా? ఇంటిల్లిపాదినీ కళ్లు మూసుకుని బయటికి రమ్మని ఒకసారి అలవాటు చేయించండి. మంటలార్పే సిలిండరు రెండు చోట్ల ఉండాలి, వంటింటి దగ్గర ఒకటి, డ్రైవరు చేతికి అందేలా ఒకటి.

గ్యాసు విషయంలోనూ అంతే. 2023 ఆగస్టు 26న మదురైలో ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో దొంగచాటుగా తెచ్చిన సిలిండరు అంటుకుని తొమ్మిది మంది పోయారు. బండిలో సిలిండరుకు విడి అర ఉండాలి, దాని అడుగున గాలి పోయే కంత ఉండాలి. వంట గ్యాసు గాలికంటే బరువు, కారితే పైకి పోదు, నేల మీదే పరుచుకుంటుంది. బండి కదిలే ముందు రెగ్యులేటరు కట్టేయడం తాళం చెవి తిప్పడం కంటే ముందు జరగాలి.

చలికి ఓర్వలేక కిటికీలన్నీ బిగించి లోపల బొగ్గుల కుంపటి పెట్టుకునేవాళ్లుంటారు. దయచేసి వద్దు. బొగ్గు సరిగా మండని చోట పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఉత్తరాదిలో చలికాలం ఇలాంటి వార్త రాని సంవత్సరం ఉండదు. దాన్ని పసిగట్టి మోగే చిన్న అలారం దొరుకుతుంది. వెలుతురు దీపాల మీద పెట్టే డబ్బు కొంత తగ్గించుకునైనా అది కొనండి, రెండు దుప్పట్లు ఎక్కువ తీసుకోండి.

రేడియేటరులో బోరు నీళ్లు పోసే అలవాటు ఉందా?

45 డిగ్రీల ఎండలో నడిచే మన పాత బండ్లకు చాలామంది కుళాయి నీళ్లే పోసేస్తారు. ఇక్కడ దాని వల్ల తుప్పు, సున్నపు పొర. అక్కడ రాత్రి సున్నా కంటే దిగువకు పోతే ఆ నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, ఇంజను దిమ్మనే పగలగొట్టగలవు. కూలెంటు, శుద్ధజలం చెరిసగం కలిపి పోయించండి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బండ్లలో చాలావాటికి యూరియా ద్రావణం ట్యాంకు వేరే ఉంటుంది. ఆ ద్రావణం మైనస్ 11 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. మామూలు డీజిలూ బాగా చలిలో మైనంలా చిక్కబడి ఫిల్టరుకు అడ్డం పడుతుంది. లద్దాఖ్ కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్ తెచ్చింది. వేసవిలో పోయేవాళ్లకు ఆ అవసరం రాదు.

దూరం మాట. మనాలీ-లేహ్ దారిలో టాండీ పంపు దగ్గర, తర్వాతి పంపు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని హెచ్చరించే బోర్డు చాలా ఏళ్లుగా ప్రసిద్ధం. హైదరాబాదు నుంచి అనంతపురం పోయినంత దూరం, అదీ ఐదు వేల మీటర్ల ఎత్తున్న కనుమలు దాటుకుంటూ. బరువైన బండి ఎక్కుడులో తాగే డీజిలు మైదానపు లెక్కకు అందదు. అక్కడ ట్యాంకు నిండా నింపుకోకుండా కదలకూడదు.

కాగితాలు. సొంత వ్యానును ఇష్టమొచ్చినట్టు ఇల్లుగా మార్పించుకోవడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ఒప్పుకోదు. తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చాలంటే రవాణా శాఖ అనుమతి కావాలి. మోటారు కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ప్రత్యేకంగా ఉంది, వడ్రంగిని కాదు, ఆ ప్రమాణం తెలిసిన తయారీదారును వెతకండి. అనుమతి లేని మార్పు ఉంటే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ ముందు ఆ సంగతే ఎత్తుతుంది. లైసెన్సు విషయంలో మాత్రం ఊరట ఉంది. 7,500 కిలోల లోపు బరువున్న బండిని మామూలు ఎల్‌ఎంవీ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరు 6న ఖాయం చేసింది.

సర్దడం ఎవరి దగ్గర నేర్చుకోవాలి?

ఊళ్ల నుంచి కాశీయాత్రకు పోయే బస్సును బయల్దేరే రాత్రి దగ్గరుండి చూడండి. నలభై మంది పెద్దవాళ్లు, వంటవాళ్లు ఇద్దరు ముగ్గురు, డ్రైవర్లు ఇద్దరు. బస్సు టాపు మీద టార్పాలిన్ కింద బియ్యం బస్తాలు అడుగున ఉంటాయి, ఎందుకంటే రోజుకు ఒక్కసారే విప్పాలి. వాటి మీద పప్పు, చింతపండు, ఎండుమిర్చి మూటలు. బగోనెలు ఒకదాంట్లో ఒకటి దోపి, గరిటెలు, జల్లిగంటెలు అన్నిటికంటే పెద్ద గుండిగలో పెట్టి మూత బిగించి కడతారు. డిక్కీ తలుపు తీయగానే చేతికి తగిలేవి రెండే, పొయ్యి ఒకటి, నీళ్ల బిందె ఒకటి. చీకట్లో, వానలో, తెలియని ఊరి పెట్రోలు బంకు పక్కన ఆగినా గంటలో నలభై మందికి ఉప్మా వడ్డించగల ఏర్పాటు అది. ఎక్కడా పటం గీసుకోరు. ఏది ముందు కావాలో అది చివర ఎక్కిస్తారు. కాశీలో మానససరోవర్ ఘాట్ దగ్గరి శ్రీరామతారక ఆంధ్రాశ్రమం లాంటి చోట దిగే దాకా ఆ బస్సే వాళ్ల ఇల్లు. కారవాన్‌లో అల్మరాలు ఎలా సర్దాలో చెప్పే గురువులు ఆ వంటవాళ్లే.

దారి గురించి అడగవలసింది లారీ డ్రైవర్లను. నల్లగొండ బత్తాయి లోడు ఢిల్లీ మండీకి తీసుకుపోయేవాళ్లకు ఏ ధాబాలో రాత్రి నిర్భయంగా బండి ఆపవచ్చో, ఏ బైపాస్ మీద నిలపకూడదో, ఏ నెలలో పొగమంచు ఎక్కడ మొదలవుతుందో నోటి మీద ఉంటుంది. నార్కట్‌పల్లి ధాబాల దగ్గర ఒక చాయ్ తాగుతూ అడిగితే ఎవరూ కాదనరు. క్యాబిన్‌లో రోజుల తరబడి వండుకుని, పడుకుని బతికేవాళ్లకు ఇన్నాళ్లూ ఎండ నుంచి రక్షణే లేదు. 2025 అక్టోబరు నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్‌కు ఏసీ ఉండి తీరాలన్న నిబంధన వచ్చింది. రావలసిన దానికంటే చాలా ఆలస్యంగా వచ్చింది.

ఫోను మూగబోయే చోటు. జమ్మూకాశ్మీర్, లద్దాఖ్‌లలో మన ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. బయల్దేరడానికి పది పదిహేను రోజుల ముందే ఒక నంబరన్నా మార్పించుకోండి. పోస్ట్‌పెయిడ్ ఉన్నా కనుమల మధ్య గంటల తరబడి సిగ్నల్ అందదు. అందుకని మజిలీల జాబితా కాగితం మీద రాసి, బండి నంబరు, ఇంట్లో అందరి రక్తం గ్రూపులు దాని మీదే వేసి, ఒక ప్రతి బండి అద్దం దగ్గర, ఇంకో ప్రతి ఊళ్లో తమ్ముడి దగ్గరో వదిన దగ్గరో ఉంచండి. ఏ రోజు రాత్రి ఎక్కడి నుంచి ఫోను చేస్తారో, చేయకపోతే ఎన్ని గంటలు చూసి వాళ్లు ఎవరికి చెప్పాలో కూడా అదే కాగితం మీద ఉండాలి.